కత్తెర విడిచి గరిటె పట్టిన ప్రతినిధులు

శాసనసభ్యుని ప్రథమధర్మమేది? నిజామాబాదులో ఏ పఠనమందిరమున నీ ప్రశ్న వేసినను, "మా వీథికి సిమెంటు రోడ్డు వేయించుట" యనియో, "మా సంఘమునకు భవనము కట్టించుట" యనియో జవాబు వచ్చును. జనులట్లు తలచుట జనుల తప్పు గాదు. ముప్పది యేండ్లుగా వారికి నేర్పబడిన పాఠమదియే. రాజ్యాంగము చెప్పునది మాత్రము వేరు. 203వ అధికరణము ననుసరించి ప్రభుత్వము తెచ్చిన వ్యయపు పద్దును సభ యంగీకరింపవచ్చును, నిరాకరింపవచ్చును, తగ్గింపవచ్చును. పెంచు నధికారము దానికి లేదు. అనగా రాజ్యాంగకర్తలు శాసనసభ్యుని చేతికి కత్తెర నిచ్చిరి గాని గరిటె నీయలేదు. మన ప్రతినిధులు కత్తెరను త్రుప్పు పట్టనిచ్చి గరిటెను చేపట్టిరి. ఇదియే మా యభియోగము.

ఈ గరిటె యెట్లు వచ్చెను? 1993 డిసెంబరులో పార్లమెంటు సభ్యులకు నియోజకవర్గాభివృద్ధి పథకము పుట్టెను. తొలుత ఒక్కొక్కరికి 5 లక్షలు. 1998 నాటికి 2 కోట్లు. 2011లో 5 కోట్లు. రాష్ట్రములందలి శాసనసభ్యులును అదే త్రోవ పట్టిరి. తెలంగాణమున కోటిన్నరగా నుండిన నిధి 3 కోట్లై, 2021లో 5 కోట్లయ్యెను. శాసనసభ్యులు 119 మంది, మండలి సభ్యులు 40 మంది. పాఠకులే లెక్క గట్టుకొందురు గాక: ఏటికి 795 కోట్లు! జీతభత్యములు సైతము 2016 మార్చిలో నెలకు రెండున్నర లక్షలకు పెరిగినవి. ఇట్టి పెంపుదలలు వచ్చినపుడు ఖజానా దుస్థితిని గూర్చిన ఉపన్యాసములు అంతగా వినరావు.

ఆ ఉపన్యాసములు వినవచ్చినదెచ్చటనో మన ప్రాంతపువారికి చెప్పనక్కరలేదు. మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియయ్యెను. 2,75,000 ఎకరములకు నీరందింపవలెనని నవాబు అలీ నవాజు జంగు కట్టించిన జలాశయమది. దాని కాలువ క్రింది చెరకును నమ్ముకొని 1937లో బోధను చక్కెర కర్మాగారము స్థాపితమై, ఆసియాలోనే పెద్దదని పేరుగాంచెను. నిజాము నిరంకుశత్వమును మేము పొగడబోము. ఆ పాలనలో రైతు పడిన వెట్టిని మరువబోము. కాని, ఎవరికిని జవాబు చెప్పనక్కరలేని ప్రభువు కాలమున నిలిచినది మూడు తరములకు కూడు పెట్టెను. మన వోటుతో గద్దె నెక్కినవారు దానిని నిలుపలేకపోయిరి. ప్రజారాజ్యమునకు ఇంతకు మించిన సిగ్గు కలదా?

2002లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము, సంస్కరణల పేర, నూటికి 51 పాళ్లు ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించెను. ఆనాడు ఆర్థిక క్రమశిక్షణ యనునది తిరుగులేని మంత్రము. తరువాత రాజశేఖరరెడ్డిగారి కాలమున శాసనసభా సంఘమే విచారించి ఆ యొప్పందమును రద్దు చేయవలెనని సిఫారసు చేసెను. సిఫారసు బీరువా దాటలేదు. 2014లో వంద దినములలో స్వాధీనపరచుకొందుమను మాట మారుమ్రోగెను. 2015 డిసెంబరులో శక్కరునగరము, ముత్యంపేట, ముంబోజిపల్లి మిల్లులు మూడును మూతపడెను. 2024లో, మరియొక పక్షము పాలనలో, మరియొక సంఘము. చెరకు నాటుటకు ఋతువు కలదు. సంఘములు వేయుటకు ఋతువు లేదు. ఇంతలో రైతు వరి వైపు మరలెను. కార్మికుడు రాని జీతమునకై ధర్నా శిబిరమున కూర్చుండెను.

పొదుపు మంత్రము రాజధాని పొలిమేర దాటి లోనికి పోలేదు. పాత సచివాలయమును 2020 జూలైలో పడగొట్టించి, 400 కోట్ల అంచనాతో మొదలిడి, 600 కోట్లు దాటించి, 2023 ఏప్రిలు 30న క్రొత్తదానిని తెరచిరి. కాళేశ్వరపు సంగతి అంతకన్న పెద్దది. కార్పొరేషను పేర అప్పు తెచ్చి బడ్జెటు లెక్కకు వెలుపల నుంచిరి. 2023 అక్టోబరులో మేడిగడ్డ స్తంభము క్రుంగెను. వ్యయము 1,47,000 కోట్లు దాటవచ్చుననియు, పెట్టిన రూపాయికి ఫలము 52 పైసలే యనియు 2024లో కంప్ట్రోలరు-ఆడిటరు జనరలు నివేదిక లెక్క గట్టెను. ఈ లెక్క సభలో ముందుగా అడుగవలసినవా రెవరు? ఏటేట 5 కోట్లు అందుకొను చేయి, అందించు చేతిని పట్టి నిలదీయునా? గరిటె చేసిన అసలు చెరుపు ఇదియే. దుబారా యైన సొమ్ముకన్న, ఆ సొమ్ముతో కొనబడిన మౌనము ఎక్కువ ఖరీదైనది.

"ఈ నిధిని 2010లో సుప్రీముకోర్టే సమ్మతించెను గదా!" యందురు. చట్టసమ్మతమైనదెల్ల ధర్మసమ్మతము కానక్కరలేదు. 2007లో రెండవ పరిపాలనా సంస్కరణల సంఘము ఇట్టి పథకములను ఎత్తివేయుటయే మేలని చెప్పెను. "ఊరికి రోడ్డు వలదా?" యని యడుగుదురు. వలయును. అందుకే గదా 1992లో రాజ్యాంగమును సవరించి పంచాయతీలకు ప్రాణము పోసినది! సర్పంచి సంచి ఖాళీగా నుండగా శాసనసభ్యుడు దాత వేషము కట్టుట స్వపరిపాలనము గాదు. వడ్డించువాడు మనవాడైన కడపంక్తి యైన నేమి యని సామెత. నిజాంసాగరపు కాలువ చివరి రైతు కడపంక్తివాడే; కాని వడ్డించువా డతని వంక చూడలేదు. ముప్పది టి.ఎం.సీల చేరువ నుండిన జలాశయము పూడిక మూలమున పదునెనిమిదికి లోబడినది. పూడిక తీసినచోట శిలాఫలకము నిలువదు; కమాను కట్టినచోట నిలుచును!

ఈ వ్యాధి మనదేశమునకే పరిమితము గాదు. అమెరికా కాంగ్రెసువారు ఇట్టి సొంత పద్దులను 2011లో మానుకొని, 2021లో మరల చేపట్టిరి. రుచి మరగిన నాలుక తనంత తాను మానదు, వోటరు మాన్పింపవలెను.

మేము కోరునవి మూడు. నియోజకవర్గ నిధులను పంచాయతీలకు, పురపాలక సంఘములకు మరలింపుడు. ప్రభుత్వము హామీ పడిన ప్రతి యప్పును, అది ఏ కార్పొరేషను పేర నున్నను, బడ్జెటుతోబాటు సభ ముందుంచుడు. బోధను కర్మాగారమునకు ఎంత సొమ్ము, ఏ తేదీకి అను విషయము సంఘముల నోట గాక, బడ్జెటు పద్దులో చూపుడు.

పాఠకులతో నొక మాట. ఎన్నికలలో మీ వాకిటికి వచ్చు అభ్యర్థిని "ఎన్ని రోడ్లు వేయించితివి?" అని యడుగకుడు. "ఏ పద్దును ప్రశ్నించితివి? ఎంత తగ్గించితివి?" అని యడుగుడు. జవాబు లేనివానికి మీ వోటును లేదనుడు.