ఇల్లు ఖాళీ చేయమంటే...

ఇల్లు ఖాళీ చేయమన్న మాట చాలాసార్లు మగవాళ్ళు ఇంట్లో లేనప్పుడే వస్తుంది. పదకొండు గంటలవేళ వంటపని తెమిల్చుకుని బట్టలారేస్తుంటే ఇంటిగలావిడ గోడ మీంచి పలకరిస్తుంది, "ఏమ్మా, ఎక్కడైనా ఇల్లు చూసుకుంటున్నారా?" అని. అద్దె మాట్లాడుకున్నది మన ఆయనా, వాళ్ళాయనా. కాగితం అంటూ ఉంటే దాని మీద సంతకాలూ వాళ్ళవే. మాట పడేది మాత్రం మనం. అనాల్సి వచ్చేదీ, పాపం, ఆవిడే. మగవాళ్ళిద్దరూ సాయంత్రం సెంటర్లో ఎదురుపడితే నవ్వుకుని పోతారు. ఇక్కడ పెరట్లో ఇద్దరాడవాళ్ళకీ మాటల్లేవు.

మా మొగల్తూరులాంటి ఊళ్ళో అద్దె ఇళ్ళు ఎన్నో ఉండవు. ఉన్నవాటిల్లో ఎక్కువగా మాష్టార్లూ, బ్యాంకువాళ్ళూ, బదిలీల మీద వచ్చేవాళ్ళూ ఉంటారు. అందరూ అందరికీ తెలిసినవాళ్ళే గనక రాతకోతలు ఉండవు. "మన మధ్య కాగితాలేమిటండీ" అంటారు. ఆ మర్యాద బాగానే ఉంటుంది, చెడేదాకా. చెడ్డాక మాత్రం నోటిమాటకి సాక్షి దొరకడు.

ఇక పోరు మొదలయ్యే తీరు అందరికీ తెలిసిందే. ముందు మోటారు వెయ్యడం ఆలస్యం అవుతుంది. తర్వాత కరెంటు ఫీజు పోతుంది, బాగుచేసే మనిషి దొరకడు. దొడ్డి గుమ్మానికి తాళం పడుతుంది. మన పిల్లలు ఆడుకుంటే వాళ్ళకి తలనొప్పి. ఊళ్ళో పెద్దమనిషి ఎవరో మన ఆయన్ని పిలిచి మంచిమాటగా చెబుతారు. ఒక్కటీ పెద్ద గొడవ కాదు. అన్నీ కలిస్తే ఆ ఇంట్లో అన్నం సయించదు.

ఇంటివాళ్ళంతా రాక్షసులని కాదు నేననేది. కట్టుకున్న ఒక్క ఇల్లూ అద్దెకిచ్చి దాని మీదే బతుకుతున్న పెద్దావిడలున్నారు. కొడుక్కి పెళ్ళి చేసి వాటా ఇద్దామంటే కదలని అద్దెవాళ్ళున్నారు. ఇల్లు వాళ్ళది, కావాలని అడిగే హక్కుంది. కానీ ఖాళీ చేయమని అడగడం వేరు, చేయించడం వేరు. ఈ తేడా తెలిస్తే సగం భయం తీరుతుంది.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మునిసిపాలిటీలున్న ఊళ్ళకోసం చేసింది. అంటే అప్పట్లో పక్కనున్న నర్సాపురంలో అద్దెకున్నావిడకి ఉన్న ఆసరా, పంచాయతీ అయిన మొగల్తూరులో ఉన్నావిడకి మామూలుగా ఉండేది కాదు. తర్వాత 2017లో ఆంధ్రప్రదేశ్ అద్దెల మీద కొత్త చట్టం చేసుకుంది, రాత ఒప్పందం ఉండాలంది. 2021లో కేంద్రం ఒక నమూనా చట్టం తయారుచేసి రాష్ట్రాలకిచ్చింది. నివాసానికిచ్చే ఇంటికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు అడగకూడదని అందులో ఉంది. నీళ్ళూ కరెంటూ ఆపి మనిషిని పంపేయడం తప్పని 1960 చట్టమూ అంది, ఈ నమూనా చట్టమూ అంది.

ఏ ఊరివాళ్ళయినా గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. ఒకటి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఒప్పందంలో వేరే మాట లేకపోతే, నెలనెలా అద్దెకున్నవాళ్ళకి రాతపూర్వకంగా, సంతకంతో పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. గోడ మీంచి అన్న మాట నోటీసు కాదు. గడువు అయిపోయినా మనం కదలకపోతే ఇంటాయన కోర్టుకి వెళ్ళాలి తప్ప సామాన్లు వీధిలో పెట్టించకూడదు. రెండోది 1963 నాటి చట్టం. కోర్టు దారిలో కాకుండా బలవంతాన వెళ్ళగొడితే, ఆరు నెలల్లోగా దావా వేసి మళ్ళీ ఆ ఇంట్లోకి రావచ్చు. వెళ్ళగొట్టింది సొంతదారు అయినా సరే.

అన్నిటికన్నా మెత్తగా కనిపించే ఎత్తు ఒకటుంది, అద్దె పుచ్చుకోకపోవడం. "ఉంచండి, వచ్చే నెల చూద్దాం" అంటారు. మొదటి నెల మనకి హాయిగానే ఉంటుంది. మూడో నెలకి "అద్దె ఎగ్గొట్టారు" అన్న మాట పుడుతుంది. ఇది పాత ఎత్తే. అందుకే 1960 చట్టంలోనే దీనికి దారి రాశారు. పుచ్చుకోకపోతే ఏ బ్యాంకులో వెయ్యాలో చెప్పమని రాతగా అడగాలి, చెప్పకపోతే మనియార్డరు చెయ్యాలి, అదీ తిప్పి పంపితే అధికారి దగ్గర డిపాజిట్ చెయ్యాలి అని అందులో ఉండేది. ఇప్పుడైతే ఫోనులోంచో బ్యాంకులోంచో పంపెయ్యొచ్చు, తారీకుతో సహా రికార్డుంటుంది. ఖాతా నంబరు ఇవ్వకపోతే, అద్దె సిద్ధంగా ఉందని స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం రాసి, రసీదు దాచాలి. ఆ పని ఇల్లాలే చెయ్యొచ్చు. ఆయన సెలవు పెట్టి రావాల్సిన పనేం కాదు.

కాగితాలు ఎక్కడున్నాయో మనకి తెలియాలంటున్నది అందుకే. పెళ్ళిపట్టుచీర ఏ అరలో ఉందో చీకట్లో చెప్పగలం, అద్దె రసీదులు ఎక్కడంటే ఆయన్నడగాలి. ఆయన ఊళ్ళో లేకపోతే? అసలు ఇంట్లోనే లేకుండా పోతే?

ఆ రెండో ప్రశ్న ఊరికే వేసింది కాదు. బెంగుళూరు నుంచి వెళ్ళిన ఒక కేసులో 2005లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. భర్త వదిలేసి పోయినా ఆ అద్దె ఇంట్లోనే ఉంటున్న భార్య, ఇంటాయన వేసిన దావాలో భర్త చెప్పుకోగలిగిందంతా తనే చెప్పుకోవచ్చునంది. అద్దె కట్టే బాధ్యత కూడా తను తీసుకోవాలి. విడాకులైపోయిన భార్యకి మాత్రం ఈ హక్కు అలా రాదు, విడాకులప్పుడు ఇంటి సంగతి ఏం రాసుకున్నారన్నది చూస్తారు. కనక అలాంటి కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళు ఉంటున్న ఇల్లెవరికన్నది ముందే తేల్చుకోవాలి. అదే ఏడాది వచ్చిన గృహహింస చట్టం కూడా, కాపురముంటున్న ఇల్లు అద్దెదైనా భార్యకి అందులో ఉండే హక్కుందని చెప్పింది.

మన వైపు ఇంకో సంగతుంది. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతోమంది ఆడవాళ్ళకి ఇల్లే పనిచేసే చోటు కూడా. ఇక్కడ లేసు అల్లేవాళ్ళ మీద మరియా మీస్ అనే జర్మన్ రచయిత్రి 1982లో ఒక పుస్తకమే తెచ్చింది. లోకమంతా తిరిగే సరుకు చేస్తున్నవాళ్ళని పనివాళ్ళనకుండా గృహిణులని సరిపెట్టేస్తున్నారని చెప్పింది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అల్లే మనిషికి మాత్రం వెలుతురొచ్చే అరుగు కావాలి, దారం ఇచ్చి సరుకు పట్టుకెళ్ళే మనిషి కావాలి, పక్కన కూచునే నలుగురు కావాలి. ఊరి ఆ చివరికి ఇల్లు మారితే ఇవన్నీ మళ్ళీ మొదటినుంచి. "మీకేం, ఎక్కడైనా వండుకోడమేగా" అనేవాళ్ళకి ఈ లెక్క తెలీదు.

గొడవ ముదిరితే, కోర్టున్న ఊళ్ళలో న్యాయసేవా కమిటీలుంటాయి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయసహాయం ఇవ్వాలి. వెళ్ళినందుకు కేసు వెయ్యాలనేం లేదు, ఇద్దర్నీ కూచోబెట్టి రాజీ చేయించమనీ అడగొచ్చు.

నన్నడిగితే గెలవడం కన్నా గడువు సంపాదించుకోవడమే చాలామందికి అవసరం. పిల్లల పరీక్షలయ్యేదాకానో, కడుపుతో ఉన్న కోడలికి పురుడు వచ్చేదాకానో, ఆషాఢం వెళ్ళేదాకానో. ఫలానా తారీకుకి ఖాళీ చేస్తాం, అప్పటిదాకా నీళ్ళూ కరెంటూ ఆపకూడదు, అడ్వాన్సు ఫలానా రోజున తిరిగివ్వాలి అని రెండు కాగితాలు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే, ఇంటిగలావిడకీ మనకీ మాటలు మిగులుతాయి. ఆ సంతకాల్లో మనదీ ఒకటుండాలి. తాళంచెవి ఇచ్చే రోజున మీటరు రీడింగు రాసుకుని, అడ్వాన్సు లెక్క చూసుకుని, డబ్బు చేతిలో పడ్డాకే రిక్షా ఆటోలో సామాను ఎక్కించండి. సున్నానికింత, కుళాయికింత అని కోతలు మొదలయ్యేది అప్పుడే.