బుక్కులు చూసిపోయే తనిఖీ

అంగన్‌వాడీ కేంద్రంలో తనిఖీ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రిజిస్టర్లు. హాజరు ఎంత, బియ్యం నిల్వ ఎంత, గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఖర్చయ్యాయి. లెక్క తేడా వస్తే కార్యకర్తకు మెమో. ఈ లెక్కలు అనవసరమని నేననను. బిడ్డ నోటి దగ్గరి గుడ్డు దారి మళ్ళకుండా చూడాల్సిందే. కానీ ఆ బిడ్డ కూర్చుని గుడ్డు తినే గది పైకప్పు పెచ్చులూడుతోందా, గ్యాసు పొయ్యికీ పిల్లల చాపకీ మధ్య ఎంత ఎడముంది, నీళ్ళ సంపుకు మూత ఉందా? ఈ ప్రశ్నలకు ఏ రిజిస్టరులో గడి ఉంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసే మనలాంటి వాళ్ళకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. పాత చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలంటే వానాధారం, బోర్లు, టమోటా. కోతలకు, గ్రేడింగుకు పోయే ఆడవాళ్ళు తెల్లవారకముందే ఇల్లు వదలాలి. నీరుగట్టువారిపల్లెలో మగ్గం ఇంట్లోనే ఉన్నా, చేతులు దారం మీద ఉన్నంతసేపూ బిడ్డ మీద కన్ను ఉండదు. కుప్పం వైపు రైలెక్కి బెంగుళూరు పనులకు పోయే కుటుంబాల్లో పసిబిడ్డలు అవ్వల దగ్గర ఉంటారు. ఆ అవ్వ కూలికి పోతే ఇక మిగిలింది అంగన్‌వాడీ ఒక్కటే. అంటే ఈ ప్రాంతంలో స్త్రీల శ్రమంతా ఆ ఒక్క గది మీద ఆధారపడి సాగుతోంది. ఆ గది భద్రత పిల్లల సంగతి మాత్రమే కాదు, తల్లి పని హక్కు సంగతి కూడా.

పుంగనూరు దగ్గరి ఒక ఊళ్ళో తల్లుల సమావేశంలో ఒకామె నాతో అన్నమాట ఇది: "వస్తారుక్కా, బుక్కులు జూసుకోని పోతారు. పిలకాయలు కూర్చునే తావు ఎవురు జూస్తారు?" ఆ కేంద్రం అద్దె గదిలో నడుస్తోంది. వంటా, ఆటా, నిద్రా అన్నీ అక్కడే. వైరు తేలిన స్విచ్చిబోర్డు మూడేళ్ళ బిడ్డ చేతికందే ఎత్తులో ఉంది. ఆ కార్యకర్తే ఒక కర్రపెట్టెను దానికి అడ్డంగా నిలబెట్టుకుంది. ఏ తనిఖీ కాగితంలోనూ ఆ కర్రపెట్టె లేదు.

తనిఖీ చేసేవాళ్ళందరూ బాధ్యత లేనివాళ్ళని కాదు నా ఉద్దేశం. ఒక సూపర్‌వైజరు కింద దాదాపు పాతిక కేంద్రాలుంటాయి. ఆమె కూడా స్త్రీయే, ఆమెకూ బస్సులు దొరకవు, ఆమెపైనా టార్గెట్లున్నాయి. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చాక పర్యవేక్షణ మరింతగా ఫోనులోకి వెళ్ళిపోయింది. ఇంటికిచ్చే రేషనుకు ఇప్పుడు లబ్ధిదారు ముఖాన్ని కూడా ఫోను గుర్తుపట్టాలి. సిగ్నలు లేని పల్లెలో కార్యకర్త ఫోను పట్టుకుని మిద్దెక్కితే, ఆ కాసేపు పిల్లల్ని చూసేదెవరు? భద్రత పెంచాల్సిన పర్యవేక్షణే పిల్లల మీది కన్నును పక్కకు మళ్ళించడం విడ్డూరం కాక మరేమిటి?

భద్రతను ఎందుకింతగా పట్టుకుంటున్నావని అడిగేవాళ్ళకు రెండు సంఘటనలు గుర్తు చేస్తాను. రెండూ జూలై 16నే జరిగాయి. 2004లో తమిళనాడులోని కుంభకోణంలో వంటశాల మంట బడి పూరికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. 2013లో బీహార్‌లోని గండామన్ ఊళ్ళో పురుగుమందు కలిసిన నూనెతో వండిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది చనిపోయారు. రెండుచోట్లా కేసులు నడిచాయి, శిక్షలు పడ్డాయి. కానీ ముందురోజు ఎవరైనా వంటగదిలోకి తొంగిచూసి, ఆ కప్పేమిటి, ఆ డబ్బా ఏమిటి అని అడిగి ఉంటే? టమోటాకు మందులు కొట్టే మన ఊళ్ళలో ఖాళీ మందు డబ్బా నీళ్ళకో, నూనెకో వాడుకలోకి రావడం ఊహించలేనిది కాదు. వంటగదిలోని ప్రతి డబ్బా ఎక్కడిదో అడగడం తనిఖీలో మొదటి పని కావాలి.

కుంభకోణం తర్వాత, 2009లో సుప్రీంకోర్టు అవినాష్ మెహ్రోత్రా కేసులో భద్రమైన బడి చదువు హక్కులో భాగమేనని చెప్పింది. గొప్ప తీర్పే. కానీ రాజ్యాంగంలో చదువు హక్కు ఆరేళ్ళ నుంచి మొదలవుతుంది. ఆరేళ్ళలోపు బిడ్డకు మిగిలింది 45వ అధికరణం. అది ఆదేశిక సూత్రమే తప్ప కోర్టుకు పోయి నిలదీయగల హక్కు కాదు. తిండి విషయంలో మాత్రం 2013 ఆహార భద్రతా చట్టం అంగన్‌వాడీ భోజనాన్ని హక్కు చేసింది. మూడు నుంచి ఆరేళ్ళ బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అని లెక్క రాసింది. ఆ కేలరీలు వండే చోటు ఎలా ఉండాలో అంత గట్టిగా రాయలేదు.

మన ఊళ్ళ నుంచి అమెరికా వెళ్ళిన అమ్మాయిలు అక్కడి డేకేర్ గురించి చెబుతుంటారు. అక్కడ 2014లో వచ్చిన ఒక చట్టం ప్రకారం లైసెన్సున్న కేంద్రాలను ఏడాదికి కనీసం ఒక్కసారి ముందుగా చెప్పకుండా తనిఖీ చేయాలి, ఫలితాలను తల్లిదండ్రులు చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టాలి. అక్కడ ఫీజులు భరించలేక ఉద్యోగాలు మానుకునే తల్లులున్నారు కాబట్టి ఆ వ్యవస్థను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కానీ తనిఖీ కాగితం తల్లికి చెందుతుందనే మాట మాత్రం మనకు కావాలి. మన దగ్గర ఆ కాగితం కింది నుంచి పైకి పోతుంది, మళ్ళీ మెమోగా కిందికి వస్తుంది. మధ్యలో తల్లి లేదు.

మెమో ఎవరికి వస్తుందో చూడండి. పెచ్చులూడిన కప్పుకు ఇంజనీరుకు రాదు, అందని అద్దెకు ఖజానాకు రాదు. గౌరవవేతనంతో నెట్టుకొచ్చే కార్యకర్తకు వస్తుంది. ఆయా లేకుండా ఒక్కత్తే మినీ కేంద్రాన్ని ఏళ్ళ తరబడి నడిపినామెకు వస్తుంది. 2023 డిసెంబరు 12 నుంచి మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేస్తే, మధ్యలో ఎస్మా ప్రయోగించి వాళ్ళది అత్యవసర సేవ అన్నారు. అత్యవసర సేవే, ఒప్పుకుంటాను. అయితే ఆ సేవ జరిగే గదికి మంచి రెగ్యులేటరు, మంటలార్పే ఇసుక బకెట్టు, ప్రథమ చికిత్స పెట్టె కూడా అంతే అత్యవసరం కావాలి కదా! కాబట్టి మనం అడిగే తనిఖీ కార్యకర్త తప్పులు వెతికేది కాకూడదు. ప్రతి లోపం పక్కన దాన్ని సరిచేయాల్సింది పంచాయతీయా, శాఖా, విద్యుత్తు వాళ్ళా అన్నది రాయాలి, గడువు వేయాలి.

తల్లుల చేతికి తనిఖీ ఇవ్వడం అనుకున్నంత సులువు కాదు. 2011లో కేంద్రం వేయమన్న ఐదంచెల పర్యవేక్షణ కమిటీల్లో అట్టడుగు అంచె అంగన్‌వాడీ స్థాయిదే. కానీ ఊళ్ళో కమిటీ అంటే ఎవరి మాట చెల్లుతుందో మనకు తెలుసు. ఆయా దళిత స్త్రీ అయినచోట "శుభ్రత" అనే మాట వెనక ఏం దాక్కుంటుందో కూడా తెలుసు. ఆమె చేతి వంట తిననివ్వని ఇంటివాళ్ళే కమిటీలో కూర్చుని వంటగది పరిశుభ్రంగా లేదని రాస్తే, అది తనిఖీ కాదు, వెలి. అందుకే కేంద్రానికి నిజంగా బిడ్డల్ని పంపే తల్లులే, కూలికి పోయే తల్లులే కమిటీలో ఎక్కువమంది ఉండాలి. చూడాల్సినవి మనుషుల్ని బట్టి కాక వస్తువుల్ని బట్టి ఉండాలి: నీళ్ళెక్కడివి, సంపుకు మూతుందా, గ్యాసు గొట్టం ఎప్పుడు మార్చారు, బరువు తూచే యంత్రం సరిగా పనిచేస్తోందా, దొడ్డి తలుపు గడియ లోపల బిడ్డ చిక్కుకుంటే బయటి నుంచి తెరుచుకుంటుందా.

కమిటీ లేని ఊళ్ళో కూడా దారి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం అంటే కాగితాల నకళ్ళు అడగడమే అనుకుంటారు చాలామంది. 2(జె) సెక్షను చదవండి. పనులను, రికార్డులను స్వయంగా పరిశీలించే హక్కు, వస్తువుల నమూనాలు తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్ళకు రుసుము లేదు. మీ కేంద్రానికి గత ఏడాది జరిగిన తనిఖీల నివేదికలు, వాటిపై తీసుకున్న చర్యలు, భవనం పటిష్ఠతపై ఇంజనీరు ఇచ్చిన కాగితం ఏదైనా ఉంటే అదీ చూడాలని సీడీపీఓ కార్యాలయంలోని సమాచార అధికారికి ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి. రసీదు తీసుకోండి. జవాబుకు గడువు ముప్పై రోజులు. అర్జీ పెట్టే ముందు కార్యకర్తతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. స్విచ్చిబోర్డుకు అడ్డంగా ఏం పెట్టుకుని ఎన్నేళ్ళుగా నెట్టుకొస్తోందో ఆమె చెబుతుంది, దాన్నీ అర్జీలో రాయండి.