చక్రాల ఇల్లు ఆగే చోటు

క్యారవాన్ అనగానే మనవాళ్లకు సినిమా హీరో గుర్తొస్తాడు. షాటుకీ షాటుకీ మధ్య ఎండ తగలకుండా ఆయన కూర్చునే ఏసీ బస్సు అది. ఎన్నికలొస్తే అలాంటిదే ఒకటి నాయకుల యాత్రలో తేలుతుంది. టెక్సస్ సముద్రతీరంలో చలికాలమంతా ఆ బండి స్టీరింగ్ ముందు కనిపించేది మాత్రం రిటైరైన స్కూలు మేస్టారు, పోస్టాఫీసు గుమాస్తా, గోధుమలు పండించి అలసిన రైతు. పక్క సీట్లో భార్య, ఆమె ఒళ్లో ముసలి కుక్క. డ్రైవరు లేడు, సామాను మోసే కుర్రాడూ లేడు.

వీళ్లు మినెసోటా నుంచి, అయోవా నుంచి, సరిహద్దు దాటి కెనడాలోని మానిటోబా నుంచి వస్తారు. విన్నిపెగ్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 16 డిగ్రీలు కింద. అదే జనవరిలో కార్పస్ క్రిస్టీ ఊళ్లో మధ్యాహ్నం 19, 20 డిగ్రీలుంటుంది. ఆ మాత్రానికే హైదరాబాదులో మనం స్వెట్టర్లు బయటికి తీస్తాం, వాళ్లు నిక్కర్లేసుకుని చేపలు పడతారు. స్థానికులు వీళ్లకు 'వింటర్ టెక్సన్లు' అని పేరు పెట్టుకున్నారు. వీళ్లొస్తేనే అక్కడి కిరాణా కొట్లకీ, పళ్ల డాక్టర్లకీ సీజను.

మా అమ్మాయి డాలస్ శివారులో ఉంటుంది. అక్కడ చలికాలం వెళ్లిన తల్లిదండ్రుల సంగతి తెలిసిందే. కిటికీ అద్దంలోంచి ఎండిపోయిన గడ్డిని చూస్తూ, ఫోనులో తెలుగు సీరియళ్లు చూస్తూ, మనవడు బడి నుంచి ఎప్పుడొస్తాడా అని గడియారం చూస్తూ గడపాలి. మా అల్లుడికి జాలేసిందో ఏమో, క్రిస్మస్ సెలవులకు ఒక మోటార్ హోమ్ అద్దెకు తెచ్చాడు. పాతిక అడుగుల బండి. డ్రైవరు నెత్తిమీద ఒక పడక, వెనక ఒక పడక, మధ్యలో పొయ్యి, ఫ్రిజ్, నిలబడి తిరగడానికి వీల్లేని బాత్రూము. 26,000 పౌండ్ల లోపు బరువైతే మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు. హోటల్ కన్నా చౌక అని ఎవరైనా చెబితే నమ్మకండి. లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి రాదు. అద్దె వేరు, మైలుకింతని వేరు, జనరేటర్ గంటకింతని వేరు.

దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. డాలస్ నుంచి శాన్ ఆంటోనియో మీదుగా కార్పస్ క్రిస్టీకి 660 కిలోమీటర్ల చిల్లర, అంతా హైవే. 'వెస్ట్' అనే చిన్న ఊళ్లో చెక్ దేశస్థుల వారసులు చేసే కొలాచీ అనే బన్నులు తిన్నాం. తక్కిన సమయమంతా అల్మారాల్లో గిన్నెలు చేసే చప్పుడు విన్నాం.

మేం దిగింది పాడ్రే దీవిలో. సముద్రానికీ తీరానికీ మధ్య ఇసుకతో ఏర్పడిన ఇలాంటి దీవుల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనది ఇదే, దాదాపు 182 కిలోమీటర్లు. అందులో సగానికి పైగా భాగాన్ని 1962లో జాతీయ తీరంగా ప్రకటించారు. కాబట్టి అక్కడ హోటలు లేదు, విల్లా లేదు, రియల్ ఎస్టేటు బోర్డు లేదు. ఒకవైపు గల్ఫ్ అలలు, ఇంకోవైపు లగూనా మాద్రే అనే సరస్సు. సముద్రం కన్నా ఉప్పనైన సరస్సులు లోకంలో కొన్నే ఉన్నాయి, వాటిలో ఇదొకటి. టెక్సస్‌లో బీచ్ జనానిదని 1959లోనే చట్టం చేశారు. ఒడ్డున ఎంత ధనవంతుడు ఇల్లు కట్టుకున్నా, తడి ఇసుక మీద నడిచేవాణ్ని ఆపలేడు. ఈ జాతీయ తీరంలోనైతే ఇసుక మీదే బండి నడిపి, అక్కడే నిలిపి, అక్కడే నిద్రపోవచ్చు. అయిదు మైళ్ల దాకా మామూలు బండి వెళ్తుంది. ఆపైన నాలుగు చక్రాలూ లాగే బండి లేకపోతే ఇసుకలో దిగబడాల్సిందే.

అల్లుడు ధైర్యం చేయలేదు. మలకీట్ అనే క్యాంపు స్థలంలో నిలిపాడు. అదీ ఇసుక దిబ్బలకు ఆనుకునే ఉంది. ముందుగా బుకింగ్ లేదు, ఎవరు ముందొస్తే వారిదే చోటు. కరెంటు ప్లగ్గు లేదు. నీటి కుళాయి బండి దగ్గరికి రాదు. షవర్లున్నాయి, చన్నీళ్లే. మరి ఏముంది అంటారా? ప్రవేశం దగ్గర ఒక పక్కన మంచినీళ్లు నింపుకునే గొట్టం, ఇంకో పక్కన మురుగు వదిలే గుంట. ఆ రెండూ ఉన్నాయి కాబట్టే మిగతావి లేకపోయినా రోజుల తరబడి మనుషులు ఉండగలుగుతున్నారు. నేను చెప్పదలుచుకున్నది ఆ రెండింటి గురించే.

బండిలో మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లది, నూటయాభై లీటర్లు పడుతుంది. రెండోది వంట, స్నానం నీళ్లు చేరేది. మూడోది టాయిలెట్‌ది, దాన్ని 'బ్లాక్ ట్యాంక్' అంటారు. తలుపు పక్కన ఒక పలక మీద మూడు వరసల చిన్న దీపాలుంటాయి, ఏది ఎంత నిండిందో చూపడానికి. ఒక పూట గడిచేసరికి ఇంటిల్లిపాదీ ఆ దీపాలకు బానిసలయ్యారు. పళ్లు తోముకుంటూ కుళాయి వదిలేస్తే మనవడు కేకేస్తాడు. మా ఆవిడ బియ్యం కడిగిన నీళ్లతోనే కూరగాయలు కడిగింది. ఇడ్లీకి ఇబ్బంది రాలేదు, ప్రొపేన్ పొయ్యి ఉంది. చట్నీ దగ్గరొచ్చింది చిక్కు. అమ్మాయి 110 వోల్టుల ప్రీతి మిక్సీ వెంట తెచ్చింది గానీ జనరేటర్ వేస్తేగాని అది తిరగదు, రాత్రిళ్లు జనరేటర్ వేయకూడదు. అందుకని పొద్దున్నే అనుమతి వేళ ఎప్పుడవుతుందా అని కొబ్బరి ముక్కలు, పచ్చిమిర్చి జారులో వేసుకుని కూర్చునేవాళ్లం. ఆ గర్రుమన్న చప్పుడుకు పక్క బండి కుక్క లేచి మొరిగేది.

ఆ పక్క బండి ఆసామి కెనడాలోని సస్కాచవాన్ నుంచి వచ్చిన పెద్దాయన. బ్లాక్ ట్యాంక్ ఎర్ర దీపం వెలిగిన రోజు మా అల్లుడి గురువు ఆయనే. గుంట దగ్గర బండి నిలిపి, రబ్బరు తొడుగులు వేసుకుని, ముడతల గొట్టం ఒక కొస బండికి బిగించి, రెండో కొస గుంటలో దూర్చి, దాని మీద ఒక రాయి పెట్టించాడు. "ముందు టాయిలెట్‌ది వదులు బాబూ. అది ఖాళీ అయ్యాక స్నానాల నీళ్లు వదులు. ఆ సబ్బునీళ్లే నీ గొట్టాన్ని కడిగిపెడతాయి" అన్నాడు. కంప్యూటరు ముందు తప్ప ఇంకెక్కడా చెమట పట్టించుకోని మా వాడు మీట లాగాడు. గొట్టం పాములా కదిలింది. లోపల పారుతున్న చప్పుడు ఆగేదాకా అందరం ఊపిరి బిగబట్టాం. మా వెనక నాలుగు బండ్లు వరసలో ఉన్నాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. పని పూర్తయ్యాక అల్లుడు గుంట చుట్టూ నీళ్లు కొట్టి, మూత వేసి, చేతులు కడుక్కున్నాడు. వెనక బండి దిగినామెకు ఎనభై ఏళ్లుంటాయి. ఆమెవి ఊదా రంగు తొడుగులు.

మన దేశంలో ఇదే పని ఎవరిచేత చేయిస్తామో నేను విడమరచి చెప్పక్కర్లేదు. పాకీపనిని నిషేధిస్తూ 2013లో చట్టం చేసుకున్నాం. అయినా సెప్టిక్ ట్యాంకుల్లో దిగి ఊపిరాడక పోయిన మనుషుల వార్తలు ఇప్పటికీ పత్రికల్లో చదువుతున్నాం. తన ట్యాంకు తానే ఖాళీ చేసుకోవడం చిన్నతనం కాదనుకునే చోటే ఈ క్యారవాన్ బతుకు సాగుతుంది.

వెచ్చని తీరం అన్న మాటను మరీ నమ్ముకోకూడదని కూడా అక్కడే తెలిసింది. మధ్యాహ్నం చొక్కా చేతులు మడిచి తిరిగాం. సాయంత్రం ఉత్తరాన ఆకాశం నీలిమందు రంగులోకి తిరిగింది. సస్కాచవాన్ పెద్దాయన పరుగున వచ్చి, బండికి కట్టిన గుడ్డ పందిరి చుట్టేయమన్నాడు. చుట్టీ చుట్టకముందే గాలి విరుచుకుపడింది. ఈ గాలిని వాళ్లు 'నార్దర్' అంటారు. కెనడా చలి మధ్య మైదానాల మీదుగా అడ్డూ ఆపూ లేకుండా దిగి వస్తుంది. గంట తిరిగేసరికి స్వెట్టరు మీద స్వెట్టరు వేశాం. హీటరు ప్రొపేన్‌తో మండినా, దాని ఫ్యాను తిరిగేది బ్యాటరీ మీద. ఆ రాత్రి బ్యాటరీ దీపం ఒక్కొక్క గీతా తగ్గుతుంటే అల్లుడు కునుకు తీయలేదు.

2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుపాను ముందు ఇది లెక్కలోకే రాదు. అప్పుడు సముద్రం చల్లబడి, ఈదలేక కొయ్యబారిపోయిన తాబేళ్లు టెక్సస్ తీరమంతా 12,000కు పైగా దొరికాయి. సౌత్ పాడ్రే దీవి జనం వాటిని తమ పికప్ ట్రక్కుల్లో, కార్ల వెనక సీట్లలో ఎక్కించుకుని ఊళ్లోని కన్వెన్షన్ సెంటర్‌కు చేర్చారు. పెళ్లిళ్లు, సభలు జరిగే ఆ హాలు నేల మీద వేల తాబేళ్లు వరసలుగా పడుకున్నాయి.

గాలి తగ్గాక పోర్ట్ ఆరాన్సస్‌లో బండితో సహా ఫెర్రీ ఎక్కాం. రాత్రీ పగలూ తిరుగుతుంది, టిక్కెట్టు లేదు, పక్కనే డాల్ఫిన్లు ఈదుతుంటాయి. అవతల రాక్‌పోర్ట్ దగ్గర ఒక పడవెక్కితే హూపింగ్ క్రేన్లను చూపిస్తారు. మనిషి భుజం ఎత్తున్న తెల్లటి క్రౌంచ పక్షులు, నెత్తిన ఎర్ర మచ్చ. 1941లో ఈ గుంపులో మిగిలినవి 15. 1937లో ఏర్పాటైన ఆరాన్సస్ అభయారణ్యంలో వీటిని కాపాడుకుంటూ వచ్చారు. ఇవి వేసవిలో ఎక్కడ గూళ్లు పెడతాయో 1954 దాకా ఎవరికీ తెలియదు. చివరికి కెనడా ఉత్తరాన వుడ్ బఫెలో పార్కులో దొరికాయి, ఇక్కడికి 4,000 కిలోమీటర్లు. ఇప్పుడు 500 దాటాయి. మేం చూసింది ఒక కుటుంబం. తల్లీ తండ్రీ, వాటి మధ్య ఇటుకరంగు మరకలు ఇంకా పోని పిల్ల. తల్లో తండ్రో బురదలోంచి ఒక నీలి పీతను లాగి, విదిలించి, పిల్ల ముందు పడేసింది. పడవలో ఉన్న కెనడా వాళ్లు మా ఊరి పక్షులే అని మురిసిపోయారు.

చలికాలం బండ్లలో ఉన్నవాళ్లంతా షికారుకొచ్చినవాళ్లే అనుకోవద్దు. ఇంటి అద్దె కట్టలేక బండినే ఇల్లు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. జెస్సికా బ్రూడర్ 2017లో 'నోమాడ్‌ల్యాండ్' పుస్తకం రాసింది వాళ్ల గురించే. దాని మీద తీసిన సినిమాకు ఆస్కార్ వచ్చింది. మలకీట్‌లో ఒక మూల పాత వ్యాను కిటికీలకు అట్టముక్కలు అడ్డుపెట్టుకుని ఒకాయన ఉన్నాడు. 14 రోజులకు మించి ఎవరూ ఉండకూడదని అక్కడి రూలు. మనకది సెలవుల లెక్క, ఆయనకది మళ్లీ ఎక్కడ నిలపాలన్న బెంగ. అయినా ఆయన గుంట దగ్గరికొస్తే అదే వరస, అదే గొట్టం, అదే మర్యాద.

కేరళ 2021లోనే క్యారవాన్ టూరిజం విధానం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇప్పుడు ఆ మాట బాగా వినిపిస్తోంది. మనకు తీరానికి కొదవ లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో మన సముద్రం ఒడ్డున ఉండేంత సుఖం టెక్సస్‌లో కూడా లేదు, నార్దర్ భయమే లేదు. నేలపట్టు, పులికాట్ దగ్గర చలికాలపు పక్షులకూ లోటు లేదు. ఇక బండ్లంటారా, కోయంబత్తూరులోనో పుణెలోనో చేయించి తెచ్చి, రంగులేసి, మంత్రిగారిచేత జెండా ఊపించడం నెలరోజుల పని. ఆ బండి సాయంత్రం ఎక్కడ ఆగుతుంది? నీళ్లు ఎక్కడ పట్టుకుంటుంది? ట్యాంకు నిండితే ఎక్కడ వదులుతుంది? దీనికి జవాబు లేకపోతే రాత్రి చీకట్లో ఏ పంటకాలవలోనో వదులుతుంది. తిట్లు మాత్రం ఆ ఊరి పంచాయతీకి.

పర్యాటక శాఖ వారికి నా మనవి ఒక్కటే. బండ్లు తర్వాత కొనండి. ముందు సూర్యలంక తీరంలో ఒక ఎకరం చదును చేసి, నాలుగు కరెంటు ప్లగ్గులు, ఒక మంచినీటి గొట్టం, శుద్ధి కేంద్రానికి కలిపిన ఒక మురుగు గుంట కట్టండి. దానికి రోజూ తాళం తీసే మనిషిని జీతమిచ్చి పెట్టండి. తొడుగులు వేసుకుని మా ట్యాంకు మేమే ఖాళీ చేసుకుంటాం.