మంగళవారం ప్రాక్టీసు లేదు

2020 జూన్‌లో జార్జియా టెక్ బాస్కెట్‌బాల్ సహాయ కోచ్ ఎరిక్ రెవెనో ఒక చిన్న కోరిక కోరాడు. మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయి అప్పటికి కొద్ది రోజులే. దేశమంతా వీధుల్లో ఉంది. కాలేజీ క్రీడాకారులు కోచ్‌లను అడుగుతున్నారు, మనమేం చేయాలని. నవంబరులో పోలింగు జరిగే మంగళవారం ఎవరికీ ప్రాక్టీసు పెట్టొద్దు, పిల్లల్ని ఓటు వేసి రానిద్దాం అన్నాడాయన. అంతే. అదే సెప్టెంబరులో కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ డివిజన్ 1 కౌన్సిల్ ఆ మాటను ఏటా వర్తించే నిబంధనగా ఆమోదించింది.

దీనితో అమెరికాలోని తెలుగువాళ్లకేం పని అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. ఫుట్‌బాల్ టీముల్లో మన ఇంటిపేర్లు వెతికినా దొరకవు, నిజమే. కానీ టెన్నిస్, ఈత, ఫెన్సింగ్ జట్లలో మన పిల్లలున్నారు. క్లబ్ క్రికెట్, బ్యాడ్మింటన్, పోటీలకు తిరిగే డాన్స్ టీముల సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా వాళ్లలో చాలామందిది ఒక విచిత్రమైన పరిస్థితి. అమ్మానాన్నలు ఏళ్ల తరబడి ఇక్కడే ఉద్యోగం చేస్తున్నారు, పన్నులు కడుతున్నారు, స్కూలు జిల్లా చూసి మరీ ఇల్లు కొన్నారు. ఓటు మాత్రం లేదు, గ్రీన్ కార్డు వరుసలోనే ఉన్నారు. ఇక్కడే పుట్టిన అమ్మాయికి 18 నిండిన రోజున ఆ కుటుంబం మొత్తానికీ తనే మొదటి ఓటరు. ఆమెకంటే ముందు ఆ దారిలో నడిచినవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

మన ఊళ్లలో ఓటరు చీటీ ఇంటికే వస్తుంది. మరిచిపోయినా పార్టీలవాళ్లు మరవనివ్వరు, గుమ్మం ముందుకు ఆటో పంపుతారు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో మన పేరు మనమే నమోదు చేసుకోవాలి, ఇల్లు మారితే మళ్లీ చేసుకోవాలి. అమ్మానాన్నలకే తెలియని ఈ తతంగం ఆ పిల్లకు ఎవరు నేర్పాలి? పొద్దున్నే లేపేవాళ్లు, ఒకే బస్సులో తీసుకెళ్లేవాళ్లు, ఆలస్యమైతే ఎక్కడున్నావని అడిగేవాళ్లు టీములోనే ఉంటారు. ఆ పని జట్టు చేసినంత బాగా మరెవరూ చేయలేరని మా అభిప్రాయం.

ఆటగాళ్లు నోరు విప్పితే ఏమవుతుందో రెండు రాష్ట్రాలు కళ్లారా చూశాయి. మిసిసిపీ రాష్ట్ర జెండా మీద బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యం గుర్తు 1894 నుంచీ ఉండేది. ఎన్నో ఉద్యమాలు దాన్ని కదిలించలేకపోయాయి. 2020 జూన్ 22న మిసిసిపీ స్టేట్ ఫుట్‌బాల్ ఆటగాడు కైలిన్ హిల్, జెండా మార్చకపోతే ఇక ఈ రాష్ట్రం తరఫున ఆడనని ప్రకటించాడు. అప్పటికే ఎన్‌సీఏఏ తన ఛాంపియన్‌షిప్‌లు అక్కడ జరపబోమని చెప్పి ఉంది. 30వ తేదీన గవర్నరు ఆ జెండాను దించే బిల్లుపై సంతకం పెట్టాడు. అంతకు ఐదేళ్ల ముందు, 2015 నవంబరులో, మిజోరీ విశ్వవిద్యాలయంలో జాతి వివక్షపై నెలల తరబడి సాగిన ఆందోళనకు నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాళ్లు తోడై ఆట మానేస్తామన్నారు. రెండు రోజుల్లో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాజీనామా చేశాడు. అందులో డబ్బు లెక్క లేదని ఎవరూ అనరు. ఒక్క మ్యాచ్ రద్దయితే పది లక్షల డాలర్లు చెల్లించుకోవాల్సి వచ్చేది మరి.

అయితే ఇలాంటివి ఎప్పుడో ఒకసారి జరిగేవి. ఏటా జరగాల్సిన పని ఇంతకంటే చప్పగా ఉంటుంది. నవంబరు మంగళవారం సెలవు ఇవ్వడం మంచిదేగానీ, చాలామంది ఆటగాళ్లకు ఆ సెలవు ఆలస్యంగా వచ్చినట్టే. ఇల్లు న్యూజెర్సీలో, కాలేజీ జార్జియాలో ఉన్న పిల్లాడు ముందు ఎక్కడ ఓటరుగా ఉండాలో తేల్చుకోవాలి. చదివే ఊళ్లో నమోదయ్యే హక్కు విద్యార్థికి ఉంది. టెక్సస్‌లోని ప్రెయిరీ వ్యూ కాలేజీ పిల్లల కేసులో 1979లోనే సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. సొంతూరి ఓటే కావాలంటే పోస్టల్ బ్యాలట్‌కు ముందుగా దరఖాస్తు పెట్టాలి. కొన్ని రాష్ట్రాల్లో నమోదు గడువు పోలింగుకు 30 రోజుల ముందే ముగుస్తుంది. మనవాళ్లు దండిగా ఉన్న టెక్సస్ వాటిలో ఒకటి. అక్కడ పోలింగు కేంద్రంలో కాలేజీ గుర్తింపు కార్డు చెల్లదు కూడా. అక్టోబరు వచ్చేసరికి సాకర్, వాలీబాల్ జట్లు వారానికి రెండేసి ఊళ్లు తిరుగుతుంటాయి. అప్పుడు ఎవరికి గుర్తుంటుంది? అసలు పని ఆగస్టులో టీము క్యాంపుకు చేరిన వారంలోనే జరగాలి. వైద్య పరీక్ష, జెర్సీ కొలతలు, వాటితోపాటే ఓటరు ఫారం. 1998 నుంచి కాలేజీలు విద్యార్థులకు ఆ ఫారాలు అందుబాటులో ఉంచాలని చట్టమే చెబుతోంది. ఎక్కడో ఒక ఈమెయిల్ అడుగున లింకు పెట్టి చేతులు దులుపుకునే కాలేజీలున్నాయి కాబట్టే కోచ్ పూనుకోవాలంటున్నాం.

పిల్లలకు ఆసక్తి లేదనే మాటను మాత్రం నమ్మకండి. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం అధ్యయనం ప్రకారం 2014 మధ్యంతర ఎన్నికల్లో ఓటేసిన కాలేజీ విద్యార్థులు 19 శాతం. 2018లో వాళ్లు 40 శాతం.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది కోచ్‌లకు. ఎవరు ఆడాలో ఎవరు బెంచీ మీద కూర్చోవాలో తేల్చే మనిషి, ఎవరికి ఓటెయ్యాలో సూచనగా కూడా అనకూడదు. ఫలానా అభ్యర్థి అంటే నాకిష్టం అని లాకర్ రూములో ఒక్కసారి అన్నా, స్కాలర్‌షిప్ మీద ఆధారపడ్డ పిల్లాడికి అది ఆజ్ఞలాగే వినిపిస్తుంది.

రెండోది మనకు మరీ ముఖ్యం. జట్టులో అందరూ పౌరులు కారు. మన ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి టెన్నిస్ ఆడాడు. అలా ఎఫ్‌1 వీసా మీద వచ్చి ఆడేవాళ్లు ఏటా ఉంటారు. టీము మొత్తానికీ ఫారాలు పంచినప్పుడు, లేదా డ్రైవింగ్ లైసెన్సు కౌంటరులో ఓటరుగా నమోదవుతారా అని అడిగినప్పుడు, పౌరులు కానివాళ్లు మొహమాటానికో పొరపాటునో సరే అనకూడదు. పౌరుణ్ణని తప్పుగా రాస్తే దేశం నుంచి పంపేసేదాకా పోవచ్చు, తర్వాత గ్రీన్ కార్డుకూ అడ్డుపడవచ్చు. హెచ్‌1బీ తల్లిదండ్రులకూ ఇది వర్తిస్తుంది. నూటికి నూరుశాతం టీము నమోదైంది అని గొప్పగా ప్రకటించే కోచ్‌లు ఈ పిల్లల్ని ముందే లెక్కలోంచి పక్కన పెట్టాలి.

అలాగని వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. నగర కౌన్సిల్ సమావేశంలో మైదానం లైట్ల గురించి ఎవరైనా మాట్లాడవచ్చు. క్రికెట్ పిచ్ కోసం పార్కుల శాఖ చుట్టూ తిరిగిన మన పెద్దలు చేసింది పౌర బాధ్యతే, ఆ పేరు పెట్టుకోలేదంతే. కాలిఫోర్నియాలో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, 16 నిండిన హైస్కూలు పిల్లలు కూడా పోలింగు కేంద్రంలో పనిచేయవచ్చు. వలస వచ్చినవాళ్లు ఈ దారిలో ఎంత దూరం వెళ్లగలరో చూడండి: హైదరాబాదులో పుట్టి ఏడేళ్లకు ఇక్కడికొచ్చిన అరుణా మిల్లర్ 2022లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికైంది. అంతకు ముందు ఆమె చాలా ఏళ్లు కౌంటీలో రవాణా ఇంజనీరు.

ఇక మన సంఘాల సంగతి. వేసవి క్రికెట్, వాలీబాల్, త్రోబాల్ పోటీలకు ఎంత జనం వస్తారో తెలిసిందే. బిర్యానీ కౌంటరు పక్కన ఒక బల్ల వేసి, ఓటరు నమోదు తెలిసిన ఇద్దరు కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టడానికి ఖర్చేమీ లేదు. పన్ను మినహాయింపు ఉన్న సంఘాలు ఏ అభ్యర్థి తరఫునా ప్రచారం చేయకూడదు, పక్షపాతం లేని ఓటరు నమోదు మాత్రం చేయవచ్చు. కాబట్టి ఆ బల్ల మీద ఏ పార్టీ కరపత్రమూ ఉండకూడదు. టోర్నమెంటుకు డబ్బిచ్చిన దాత పోటీలో ఉన్నా సరే. ఈ షరతు పెట్టగానే కొన్ని కమిటీల్లో ముఖాలు మాడతాయని తెలుసు. మాడనివ్వండి.

మీ అమ్మాయో అబ్బాయో ఏదైనా కాలేజీ జట్టులో ఉంటే ఈ వారం ఫోనులో స్కోరుతోపాటు ఇంకొకటి అడగండి: నమోదయ్యావా, ఏ ఊళ్లో? మీ కోచ్ నవంబరు మంగళవారం గురించి ఏమన్నాడు? జవాబులు మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో రెండు పేజీలు వాటికే కేటాయిస్తున్నాం.