పాత పుస్తకాన్ని పుట పుటా ఫొటో తీయండి, నకిలీకి దారి మూయండి

గ్రంథాలయ నిర్వాహకులకు, పాత పుస్తకాలు కొనేవారికి, అమ్మేవారికి మనవి!

అరుదైన పుస్తకం కోట్లు పలికే చోట నకిలీ పుట్టక మానదు. దాన్ని పట్టించేది పోలిక. పక్కన పెట్టి చూడటానికి ఆధారం లేకపోతే మహాపండితుడైనా బోల్తా పడతాడు.

గెలీలియో 1610లో వెనిస్‌లో అచ్చువేయించిన ‘సిదేరియుస్ నున్సియుస్’ ప్రతి ఒకటి 2005లో న్యూయార్క్ వ్యాపారి చేతికి వచ్చింది. అందులో చంద్రుడి బొమ్మలు చేత్తో వేసి ఉన్నాయి. అవి గెలీలియో వేసినవేనని జర్మన్ కళాచరిత్రకారుడు హోర్స్ట్ బ్రెడెకాంప్ పుస్తకమే రాశాడు. నిపుణుల బృందం పరీక్షలు చేసి సరేనంది. 2012లో చరిత్రకారుడు నిక్ వైల్డింగ్ మాత్రం దాని ముఖపత్రం మీది గ్రంథాలయ ముద్రను, అదే గ్రంథాలయానికి చెందిన ఇతర పుస్తకాల ముద్రలతో పోల్చాడు. కలవలేదు. పుస్తకం మొత్తం నకిలీ అని తేలింది. దాని వెనకున్న మరీనో మాస్సిమో దె కారో నేపుల్స్‌లోని జిరోలామిని గ్రంథాలయానికి డైరెక్టరుగా పనిచేసినవాడు! కంచే చేను మేసింది. ఆ గ్రంథాలయాన్ని దోచిన కేసులో 2013లో అతనికి ఏడేళ్ల శిక్ష పడింది.

ఇంగ్లండులో థామస్ వైజ్ కథా ఇలాంటిదే. గ్రంథ పరిశోధకుల సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసిన పెద్దమనిషి. ఎలిజబెత్ బ్రౌనింగ్ కవితల పుస్తకం ఒకటి 1847 నాటిదని చలామణీ చేశాడు. 1934లో జాన్ కార్టర్, గ్రాహం పొలార్డ్ ఆ కాగితాన్ని పరీక్షించారు. రసాయనాలతో ఉడికించిన కర్రగుజ్జు బయటపడింది. 1874కు ముందు అక్కడ అలాంటి కాగితమే లేదు. అచ్చు అక్షరాలూ 1880 తర్వాతివే.

దొంగతనానికీ నకిలీకీ పొత్తుంది. ఫ్లోరెన్సులోని రికార్డియానా గ్రంథాలయంలో కొలంబస్ లేఖ 1493 నాటి ముద్రణను ఎవరో ఎత్తుకుపోయి, నకిలీని అక్కడ పెట్టారు. అసలుది అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తేలి, 2016లో ఇటలీకి తిరిగొచ్చింది.

అందుకే మా కోర్కెలు ఇవి:

1. గ్రంథాలయాలు ప్రతి అరుదైన పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా ఫొటో తీయాలి. ముద్రలు, మరకలు, పురుగు తొలిచిన రంధ్రాలు కూడా కనబడాలి. ఆ ఫొటోలు అందరికీ అందుబాటులో ఉండాలి.

2. పుస్తకం పోతే వెంటనే ప్రకటించాలి. పరువు పోతుందని దాచడం దొంగకు సాయపడటమే.

3. అమ్మేవారు ఆ ప్రతి ఎవరెవరి చేతులు మారిందో రాసి సంతకం పెట్టాలి. నకిలీ అని తేలితే డబ్బు వాపసివ్వాలి.

4. కొనేవారు మరో ప్రతితో పోల్చకుండా పైసా ఇవ్వకూడదు. కాగితాన్ని వెలుతురుకు పట్టి నీటిగుర్తు (వాటర్‌మార్క్) చూడాలి. మిషిగన్ విశ్వవిద్యాలయం దశాబ్దాలుగా దాచుకున్న ‘గెలీలియో చేతిరాత’ గుట్టు 2022లో నీటిగుర్తుతోనే బయటపడింది. గెలీలియో 1642లో చనిపోయాడు, కాగితమేమో 1770కి ముందుది కాదు!

ఖర్చంటారా? మొదలుపెట్టడానికి మంచి ఫోన్ కెమెరా చాలు. చెన్నపట్నంలో అచ్చయిన పాత తెలుగు పుస్తకాలున్న మన గ్రంథాలయాలకూ ఈ జాగ్రత్త అవసరమే. పుస్తకం పోయాక ఫొటో తీయడానికి ఏమీ ఉండదు. మీ గ్రంథాలయ కమిటీ వచ్చే సమావేశంలోనే మొదటి కోర్కెను తీర్మానంగా పెట్టించండి.