ఇప్పుడు నువ్వే గదప్పా పిలిస్తివి

గాదిర్లన్నె. అపుతనంరం. అనంతపురం నుంచి గుత్తి వైపు ఒక్కసారి బస్సెక్కినవాళ్లకు కూడా ఇవి ఏ ఊళ్లో చెప్పాల్సిన పని లేదు. కన్ను ఒక్క లిప్త తడబడి, అక్షరాలను వాటి చోట తానే కూర్చోబెట్టి, గార్లదిన్నె అనీ అనంతపురం అనీ చదువుకుని ముందుకు పోతుంది.

మొదటి అక్షరం, చివరి అక్షరం చోటు తప్పకుంటే చాలు, నడిమివి ఎట్లా కలిపినా చదవగలమని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం తేల్చిందంటూ ఒక సందేశం 2003 నుంచి తిరుగుతోంది. మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. కేంబ్రిడ్జి అట్లాంటిదేమీ తేల్చలేదు. ఆ ఊళ్లోనే భాష, మెదడు మీద పనిచేసే మ్యాట్ డేవిస్ కూపీ లాగితే, అసలు పని 1976లో నాటింగ్‌హాం విశ్వవిద్యాలయంలో గ్రాహం రాలిన్సన్ చేసిన పరిశోధనలో ఉందని బయటపడింది. తర్వాత 2006లో కీత్ రేనర్, ఆయన తోటివారు చదివేవాళ్ల కంటి కదలికలు కొలిచారు. నడిమి అక్షరాలు తారుమారైతే చదివే వేగం 11 శాతం తగ్గింది. చివరివైతే 26, మొదటివైతే 36. చదవగలం నిజమే, ఊరికే మాత్రం కాదు. పైగా అది ఇంగ్లీషు సంగతి. హీబ్రూలో ధాతువు అక్షరాలు అటూ ఇటూ అయితే మాటే చిక్కకుండా పోతుందట.

మన తెలుగులో అక్షరాలు చోటు మారినా పోల్చుకోవచ్చు గానీ, గుణింతంతో ఆటలు సాగవు. ఒక్క దీర్ఘం తీసేస్తే కాలువ కలువైపోతుంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు పెనకచర్ల డ్యాంకు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే మండలంలో ఆ దీర్ఘం విలువ ఎవరినడిగినా చెబుతారు. ఈ దీర్ఘాలే ఇంగ్లీషులోకి పోయేసరికి మాయమవుతాయి. త, ట కలిసిపోతాయి. ద, డ ఒకటైపోతాయి. గార్లదిన్నె స్టేషను బోర్డు మీది ఇంగ్లీషును కొత్తవాడు గర్లడిన్నె అని చదివితే తప్పు వాడిది కాదు. మన పేర్లకూ అదే గతి. నల్లప్పకు పీలు ఎన్ని, ఓబులేసుకు చివర యు రాయాలా హెచ్ రాయాలా, ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా అన్నది ఆ పూట కంప్యూటరు ముందు కూర్చున్నవాడి ఇష్టం.

ఒక కౌంటరు దగ్గర నేను చూసిన సంగతి చెబుతాను. అది ఏ ఊళ్లోనో, ఎవరిదో ఇక్కడ అనవసరం. కూలి డబ్బు పడలేదని ఒక అవ్వ వచ్చింది. ఆమెది ఈ మెట్టలో వీధికి నలుగురికి ఉండే పేరే. లోపలి అబ్బాయి తెర మీద చూసి, పేరుకు అవ్వ చేర్చి చక్కగా పిలిచాడు. ఆమె లేచి పోయింది. "పేరు కలవలేదవ్వా. ఆధార్‌లో ఒకరకంగా, ఇందులో ఒకరకంగా ఉంది" అన్నాడు. ఇంగ్లీషులో ఎల్ రావాల్సిన చోట ఏ, ఏ ఉండాల్సిన చోట ఎల్. అంతే తేడా. అవ్వ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, "ఇప్పుడు నువ్వే గదప్పా పిలిస్తివి?" అంది.

ఆ అబ్బాయి తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు. అతని కన్ను ఆమెను గుర్తుపట్టింది, చేతిలోని యంత్రం పట్టలేదు. ఆ రెంటిలో దేని మాట చెల్లాలన్నది మాత్రం అతని చేతిలో లేదు.

ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల సగటు వానతో బతికే జిల్లా మనది. వేరుశనగ ఎండిన ఏడు ఇళ్లకు తాళాలేసి బెంగళూరు పోతారు. పోలేని ముసలివాళ్లకు ఊరి పనే దిక్కు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించారు. అదే పథకంలో 2024 జనవరి 1 నుంచి ఆధార్‌తో ముడిపడిన చెల్లింపు తప్పనిసరి అయింది. దొంగ పేర్లను ఆపాలనడంలో తప్పు లేదు. అసలు మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా దొంగ పేరు కింద లెక్కగట్టడం తప్పు. పేరు దిద్దించుకోవడానికి తిరిగే ప్రతి రోజూ ఒక కూలి పోతుంది. ఒక్క పూటలో ఏ అర్జీ తెమిలింది గనక!

తప్పంతా యంత్రం మీదకు నెట్టి మనం చేతులు దులుపుకోలేం. ఆ అక్షరాలు కొట్టింది మన వీధి పిల్లోడే. దాని మీద సంతకం పెట్టింది మన ఊరి చదువుకున్నాయనే. కార్డు చేతికొచ్చినప్పుడు "సరిగ్గానే ఉందవ్వా, దాచుకో" అన్నది నాలాంటి వాళ్లమే. అబద్ధమాడలేదు, మనకు నిజంగానే సరిగ్గా కనిపించింది. తెలిసిన పేరును కన్ను చదవదు, ఊహించుకుంటుంది. చుట్టపు పేరైతే మరీ. ఫోనులో వింత చూపించి మనల్ని మురిపించిన గుణమే అవ్వ కూలిని మింగింది. పెళ్లి పత్రికలో మన ఇంటిపేరుకు ఒక వత్తు తగ్గితే అచ్చాపీసు మీదకు పోయే మనం, పక్కింటామె జాబ్ కార్డును అంత పట్టుదలగా ఎన్నడైనా చదివామా?

కౌంటర్లలో కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. నోటితో సరిగ్గా పిలవగలిగిన పేరును కలవలేదని తిప్పి పంపకండి. దిద్దే దారి ఏదో మీకే తెలుసు, ఆ అర్జీ మీరే రాసిపెట్టండి. ఊళ్లోవాళ్లకు ఇంకొకటి. సామాజిక తనిఖీ రోజు జాబితాలో మన పేరు ఉందా లేదా చూసుకుని లేచిపోవద్దు, చదవలేనివాళ్ల పేర్లు ఎట్లా పడ్డాయో చూసి మరీ లేవండి.

అచ్చాపీసుల్లో ప్రూఫులు దిద్దేవాళ్లకు ఒక పాత పద్ధతి ఉంది. మాటను వెనక నుంచి ముందుకు చదువుతారు, కన్ను ఊహించుకోకుండా. ఈ ఆదివారం ఎదురింటి అవ్వనో తాతనో అడిగి ఆధార్, జాబ్ కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాసు పుస్తకం తెప్పించుకోండి. నాలుగూ పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, వెనక నుంచి చదవండి.