గట్టు మీద పోసిన పూడికకు బిల్లెందుకు?

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఏటా వానలకు ముందు మనం వినే మాట ఒకటే: "కాలువ పూడిక తీస్తున్నాం." జేసీబీ వస్తుంది, బురద తీస్తుంది, గట్టు మీదే కుప్ప పోసి వెళ్తుంది. మొదటి గట్టి వానకు ఆ కుప్ప మళ్లీ కాలువలోకే జారుతుంది. దీన్ని నిర్వహణ అనరు. ఒకే మట్టికి ఏటా బిల్లు రాయడం అంటారు.

బెంగళూరు గొలుసుకట్టు చెరువుల ఊరు. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు నీరు చేరాలి. ఆ దారే రాజకాలువ. కోరమంగల, చల్లఘట్ట వైపు నీరు బెళ్ళందూరు చెరువుకు, అక్కడి నుంచి వర్తూరుకు, ఆపైన దక్షిణ పినాకినికి పోతుంది. పల్లెల్లో ఈ నీటిని చూసుకోవడానికి నీరుగంటి ఉండేవాడు. మన సీమలో నీరుగంటి, తెలంగాణలో నీరటి. కాలువ పూడితే ఊరంతా ముందు ఆయన్నే అడిగేది.

2007లో 110 గ్రామాలను కలుపుకొని మహానగర పాలికె ఏర్పడింది. నీరుగంటి పోయాడు, టెండరు వచ్చింది. 2025 సెప్టెంబరులో ఆ పాలికె ఐదు కార్పొరేషన్లయింది. నగరం అంచున గ్రామ పంచాయతీలు అలాగే ఉన్నాయి. నీటికి ఈ హద్దులు తెలియవు. పై పంచాయతీ పూడిక తీయకపోతే ఆ మట్టి కింది కార్పొరేషన్‌లోకి వస్తుంది. కింది కార్పొరేషన్ తీయకపోతే నీరు పై పొలాల్లోకి ఎగదన్నుతుంది. ఎవరి హద్దు దాకా వాళ్లు గీరి ఫొటో తీసుకుంటే నీరు కదలదు.

2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగి, ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీళ్లలో ఉంది. రెండు చోట్లా వాన ఎక్కువే పడింది. కానీ నీటి దారి ఇరుకైపోవడం వాన తప్పు కాదు.

"ఆక్రమణలు కూల్చేస్తే చాలు" అనేవాళ్లున్నారు. కూల్చాల్సిందే, పెద్దవాళ్లవైనా సరే. అయితే కూల్చివేత రెండు రోజుల టీవీ వార్త. కాలువకు కావలసింది ఏడాది పొడుగునా కాపలా. కాలువ మీద స్లాబు పోసి పార్కింగ్ చేసుకున్న లేఔట్లకు కూడా ఇదే మాట చెబుతున్నాం: లోపలికి మనిషి దిగలేని కాలువను ఎవరూ శుభ్రం చేయలేరు.

మనం అడగాల్సినవి మూడు. ఒకటి, పంచాయతీ, కార్పొరేషన్ కలిసి ఒకే తేదీల పట్టిక వేసుకుని, కింది చెరువు వైపు నుంచి మొదలుపెట్టి పైకి పూడిక తీయాలి. రెండు, తీయకముందూ తీశాకా లోతు కొలిచి, ఎన్ని లోడ్ల మట్టి ఎక్కడ పోశారో కాలువ పక్కనే బోర్డు పెట్టాలి. మూడు, గట్టు మీద మట్టి ఉన్నంతకాలం బిల్లు పాస్ కాకూడదు.

వరద వచ్చాక వాట్సాప్‌లో వీడియోలు పంచుకోవడం మనకు బాగా అలవాటైంది. ఈసారి వానలకు ముందే గ్రామసభకు, వార్డు సమావేశానికి వెళ్దాం. ఈ మూడూ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుందాం. వచ్చేవాళ్లు కింద పేరు రాయండి. కొలిచే టేపు అసోసియేషన్ తెస్తుంది.